జారు స్వరం దగ్గర మొదలుపెట్టు

ఉద్యోగానికో చదువుకో కలకత్తా వచ్చిన తెలుగు పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. గోడ పొడవునా ఉన్న రికార్డుల అరలు చూసి చాలామంది అడిగేది ఒకటే: "తాతగారూ, బ్లూస్ వినాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" వాళ్లకు నోటితో చెప్పే మాటల్నే ఇక్కడ వరసపెట్టి రాస్తున్నాను. మా నాన్న గార్డెన్ రీచ్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను. కర్ణాటక సంగీతం అమ్మ గొంతులో విన్నాను. రవీంద్ర సంగీతం పక్కింటి కిటికీలోంచి వినపడేది. బ్లూస్ మాత్రం ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల దుకాణాల్లో దొరికింది. ఈ మూడూ ఒకే చెవిలో పడటం వల్ల నాకు అర్థమైన సంగతులివి.

1. చరిత్ర పుస్తకంతో కాదు, ఒక్క పాటతో మొదలుపెట్టు.

ఆ పాట బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927 డిసెంబరులో డల్లాస్‌లో రికార్డు చేసిన 'డార్క్ వాజ్ ద నైట్, కోల్డ్ వాజ్ ద గ్రౌండ్'. ఉండేది మూడు నిమిషాల పైచిలుకు. అందులో మాటలే లేవు. చూపు లేని ఒక మనిషి గొంతులోనే మూలుగుతూ కూనిరాగం తీస్తుంటాడు. ఆ మూలుగును గిటారు అందుకుంటుంది, ఒక్కోసారి గొంతు ఆగిన చోట తానే పూర్తి చేస్తుంది. ఇంగ్లీషు యాస అర్థం కాదన్న బెంగతో బ్లూస్ జోలికి రానివాళ్లు ఎందరో ఉన్నారు. ఆ బెంగకు ఇక్కడ చోటు లేదు.

జాన్సన్ రికార్డు చేసినవన్నీ దైవ గీతాలే కాబట్టి ఇది బ్లూస్ కాదని కొందరు పండితులు సవరిస్తారు. పాట వరకు వాళ్ల మాట సరైనదే. ధ్వని వరకు మాత్రం బ్లూస్‌కు ప్రాణమైనదంతా ఇందులో ఉంది. 1977లో నాసా వాళ్లు వాయేజర్ నౌకల్లో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో ఈ పాట ఉంది. మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన 'జాత్ కహాఁ హో' కూడా అందులోనే ఉంది. ఈ రెండింటినీ ఒకే రాత్రి, ఒకదాని వెంట ఒకటి విను. ఫోనుకుండే బుల్లి స్పీకరులో వద్దు. జాన్సన్ 1945లో టెక్సస్‌లో పేదరికంలోనే పోయాడు. వింటున్నప్పుడు ఆ సంగతి గుర్తుంచుకో.

2. జారు వినడం నేర్చుకో.

మన వయొలిన్ విద్వాంసులు తీగ మీద వేలు ఎత్తకుండా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జరుపుతారే, అదే జారు. గోటువాద్యానికి మెట్లుండవు. నున్నటి ముక్కను తీగల మీద జరుపుతూ వాయిస్తారు. బ్లూస్ గిటారులోనూ జరిగేది ఇదే. పగలగొట్టి నునుపు చేసిన సీసా మెడో, లోహపు గొట్టమో, జేబుకత్తో తీగ మీద జారుతుంది. 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ స్టేషన్లో డబ్ల్యూ.సి. హ్యాండీ అనే బ్యాండు మాస్టారు ఆలస్యమైన బండి కోసం ఎదురుచూస్తూ, చిరుగుల బట్టల్లో ఉన్న ఒక నల్లజాతి మనిషి కత్తిని తీగలకు నొక్కి అలా వాయించడం విన్నాడు. ఆ పద్ధతిని ఆయన తర్వాత తన ఆత్మకథలో హవాయి గిటారు వాదనంతో పోల్చాడు. 'సెయింట్ లూయిస్ బ్లూస్' 1914లో అచ్చువేసినవాడు ఈ హ్యాండీయే.

హవాయి గిటారు అంటే కలకత్తాకు సొంత వాద్యమన్నట్టే. హవాయి దీవుల కళాకారుడు టావ్ మో 1940లలో కుటుంబంతో సహా ఏళ్ల తరబడి ఈ ఊళ్లో ఉండి వాయించాడు, నేర్పాడు. నా చిన్నప్పుడు మధ్యతరగతి బెంగాలీ ఇళ్లలో పిల్లలు ఒళ్లో హవాయి గిటారు పెట్టుకుని రవీంద్ర సంగీతం సాధన చేసేవారు. బటుక్ నంది, సునీల్ గంగూలీ రికార్డులు పూజ పందిళ్లలో మోగేవి. ఆ గాలిలో పెరిగినవాడే దేబాశిష్ భట్టాచార్య. ఆయన అమెరికా స్లయిడ్ గిటారిస్టు బాబ్ బ్రోజ్‌మన్‌తో కలిసి 2003లో 'మహిమ' అనే ఆల్బం చేశాడు. ఆ బ్రోజ్‌మనే అంతకు ముందు, 1989లో, ముసలితనంలో ఉన్న టావ్ మోతో, ఆయన కుటుంబంతో కలిసి ఆల్బం తెచ్చాడు. హవాయి, కలకత్తా, మిసిసిపీ మూడూ ఈ ఒక్క మనిషి చేతుల మీదుగా కలిశాయి.

అందుకని నా వరస ఇది. ముందు 'మహిమ'. తర్వాత జైపూర్ విశ్వమోహన్ భట్, అమెరికా గిటారిస్టు రై కూడర్ కలిసి వాయించిన 'ఎ మీటింగ్ బై ద రివర్'. 1993లో వచ్చిన ఈ ఆల్బానికి మరుసటి ఏడు గ్రామీ అవార్డు దక్కింది. ఆపైన మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డోవెల్. పొలం పనులు చేసుకునే ఆయన్ను 1959లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ మొదటిసారి రికార్డు చేశాడు. ఆ రికార్డుల్లో పాతకాలపు గరగర ఉండదు, తీగ మీద గాజు కదలడం కూడా వినపడుతుంది. ఈ మూడు మెట్లు ఎక్కినవాళ్లెవరూ బ్లూస్‌ను పరాయి సంగీతమని అనగా నేను వినలేదు.

3. మోకాలి మీద తాళం వేసి లెక్కపెట్టు.

బ్లూస్ పాటల్లో ఎక్కువ వాటి కొలత పన్నెండు బార్లు. బారుకు నాలుగు దెబ్బల చొప్పున మొత్తం 48. మన లెక్కలో ఆదితాళం ఆరు ఆవర్తాలు. రెండేసి ఆవర్తాలకు ఒక పాదం. గాయకుడు మొదటి పాదం పాడతాడు, రెండోసారీ దాన్నే పాడతాడు, మూడో పాదంలో దానికి జవాబు చెబుతాడు. ప్రతి పాదంలోనూ గొంతు సగం దూరమే నడుస్తుంది. మిగతా సగం గిటారుకో హార్మోనికాకో వదిలేస్తాడు. పాడటం ఆగిన ఆ చోట ఏం జరుగుతోందో వినడం అలవాటైతే సగం బ్లూస్ పట్టుబడినట్టే.

కింద నడిచే ఆధారం కూడా తేలిగ్గానే తెలుస్తుంది. మొదటి రెండు ఆవర్తాలూ షడ్జమం మీద నిలబడతాయి. మూడోది మధ్యమానికి వెళ్తుంది, నాలుగోది ఇంటికి వస్తుంది. అయిదో ఆవర్తంలో మొదటి సగం పంచమం మీద, రెండో సగం మధ్యమం మీద ఉండి, ఆరోదానికి మళ్లీ షడ్జమం చేరుతుంది. నడక చాలాసార్లు తిశ్రగతిలో ఉంటుంది. ఒక్కో దెబ్బ లోపల 'తకిట' అనుకుంటూ విను. లెక్క నేర్చుకోవడానికి జిమ్మీ రీడ్ పాటలు అన్నిటికంటే తేలిక. చెయ్యి అలవాటు పడ్డాక జాన్ లీ హుకర్ 1948లో రికార్డు చేసిన 'బూగీ చిల్లెన్' పెట్టుకో. ఆయన షడ్జమం వదిలి ఎక్కడికీ పోడు. కాలు నేలకేసి కొడుతూ, తోచినన్ని దెబ్బలకు పాదం ముగిస్తాడు. నియమం తెలిసిన చెవికే ఆ స్వేచ్ఛ ఎంతటిదో తెలుస్తుంది.

4. గాంధారం ఎక్కడుందో వెతుకు.

బ్లూస్ గిటారిస్టులు ఎక్కువగా తిరిగే అయిదు స్వరాలు మన శుద్ధ ధన్యాసి స్వరాలే. హిందుస్తానీ వాళ్ల ధాని. అయితే వాళ్ల గాంధారం సాధారణ గాంధారం దగ్గర ఆగదు, అంతర గాంధారం దాకా పోదు, రెండింటి మధ్య ఊగుతూ ఉంటుంది. పియానోలో ఆ మధ్య చోటుకు మెట్టు లేదు. అందుకే బ్లూస్ పియానో వాళ్లు రెండు మెట్లనూ కలిపి నొక్కుతారు. కమ్మటి గమకం విన్న తెలుగు చెవికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

5. బ్లూస్ అంటే ఏడుపు పాట అనుకోకు.

ఈ పాటలు పుట్టింది అమెరికా దక్షిణాది పత్తి పొలాల్లో. నల్లజాతివాళ్లకు బానిసత్వం పోయింది గాని, దొర భూమిలో పాలికి చేసినవాడు ఏడాది చివర లెక్క చూసుకుంటే తానే బాకీ పడ్డట్టు తేలేది. ఎదిరించి మాట్లాడితే ప్రాణానికే దిక్కుండదు. అలాంటి వారం గడిచాక శనివారం రాత్రి ఊరవతల గుడిసెలో దీపం పెట్టుకుని, తాగి, ఒళ్లు అలిసేదాకా నాట్యం చేయడానికి వాయించిన సంగీతం ఇది. అందులో వేళాకోళం ఉంది, సరసం ఉంది, యజమానికి అర్థం కాకుండా యజమానినే తిట్టడం ఉంది. గదిలో నీలి లైటు వేసుకుని దిగులుపడటానికి దీన్ని వాడుకుంటే, ఆ మనుషుల ధైర్యం నీ చెవిన పడకుండా పోతుంది.

6. రాబర్ట్ జాన్సన్ కంటే ముందు మిసిసిపీ జాన్ హర్ట్.

ఏ జాబితా తీసినా రాబర్ట్ జాన్సన్ పేరే మొదట ఉంటుంది. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డల్లాస్‌లో పాడిన 29 పాటలే ఆయన మనకు మిగిల్చింది. 1938లో, 27 ఏళ్లకే చనిపోయాడు. ఆయన గొప్పతనం గురించి నాకు రవ్వంత అనుమానం లేదు. కానీ ఆ గొంతులో ఉద్వేగం, పాత రికార్డు గరగర, ఒక్క గిటారులో రెండు మూడు గిటార్లు మోగించే పనితనం, ఇవన్నీ ఒక్కసారిగా మీద పడితే కొత్త శ్రోత బెదిరిపోతాడు. ఇక నాలుగు రోడ్ల కూడలిలో సైతానుకు ఆత్మను అమ్ముకున్నాడన్న కథ ఒకటి. దాన్ని పట్టుకుని వినడానికి కూర్చోకు. అంత సాధన చేసిన కళాకారుడి శ్రమను ఆ కథ ఎత్తుకుపోతుంది.

జాన్ హర్ట్ పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు పాడతాడు. బొటనవేలు మంద్రంలో తాళం నడుపుతుంటే మిగతా వేళ్లు పైన పాట వాయిస్తాయి. 1928లో కొన్ని పాటలు రికార్డు చేసి, అవి అమ్ముడుపోక, పల్లెకు తిరిగి వెళ్లి పొలం పని చేసుకున్నాడు. ముప్ఫై అయిదేళ్లు గడిచాక, ఆయన పాడిన 'అవలాన్ బ్లూస్'లోని ఊరి పేరును ఆధారం చేసుకుని టామ్ హాస్కిన్స్ అనే అభిమాని 1963లో వెతుక్కుంటూ వెళ్తే, ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఆ ఏడాదే న్యూపోర్ట్ ఉత్సవంలో వేలమంది ముందు పాడాడు. 1966లో చనిపోయేలోగా చేసిన రికార్డింగులు శుభ్రంగా ఉంటాయి. వాటితో మొదలుపెట్టి వెనక్కి 1928కి వెళ్లు. అప్పటికి రాబర్ట్ జాన్సన్‌ను వినేందుకు చెవి సిద్ధమవుతుంది.

7. ఆడవాళ్లను దాటి ముందుకు పోకు.

1902లో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ మన దేశంలో మొదటి రికార్డులు తీయడానికి ఈ కలకత్తాకే వస్తే, గొంతు ఇచ్చి ఆ వ్యాపారాన్ని నిలబెట్టింది గౌహర్ జాన్. అమెరికాలోనూ బ్లూస్ రికార్డులకు దారి తెరిచింది ఒక స్త్రీయే. 1920 ఆగస్టులో మామీ స్మిత్ 'క్రేజీ బ్లూస్' పాడింది. దాని అమ్మకాలు చూశాకే నల్లజాతి వాళ్లు కూడా రికార్డులు కొంటారని కంపెనీలకు తెలిసింది. 1923లో బెస్సీ స్మిత్ 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' వచ్చింది. గిటారు పట్టిన మగవాళ్లకు పేరొచ్చింది ఆ తర్వాతే. బెస్సీ 1925లో పాడిన 'సెయింట్ లూయిస్ బ్లూస్' తప్పకుండా విను. పాదానికీ పాదానికీ మధ్య కార్నెట్ మీద జవాబు చెబుతున్నది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. నేను మూడో పాఠంలో చెప్పిన ఖాళీని అంత అందంగా నింపినవాళ్లు తక్కువ.

8. ఒకే పాటను పల్లెలోనూ పట్నంలోనూ విను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇది. 1941లో అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయపు జాన్ వర్క్ మిసిసిపీలోని స్టోవాల్ పొలానికి వెళ్లి, అక్కడ ట్రాక్టరు నడిపే మడ్డీ వాటర్స్ చేత పాడించారు. ఆ పాట 'కంట్రీ బ్లూస్'. ఆయన మామూలు గిటారు, పొలం గాలి, పక్కన ఇంకెవరూ లేరు. తన గొంతు రికార్డులో విన్నాకే తానూ పాటగాణ్ణేనన్న నమ్మకం కుదిరిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. 1943లో రైలెక్కి షికాగో వెళ్లిపోయాడు. కిక్కిరిసిన సారా దుకాణాల్లో మామూలు గిటారు ఎవరికి వినపడుతుంది? ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. 1948లో అదే పాటను 'ఐ ఫీల్ లైక్ గోయింగ్ హోమ్' అన్న పేరుతో మళ్లీ రికార్డు చేశాడు. ఇంటికి పోవాలనిపిస్తోందన్న మాట ఇల్లు విడిచివచ్చిన వాళ్ల మధ్య పాడితే ఎలా ఉంటుందో ఈ రెండు రికార్డులూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మన వాళ్లు గంజాం, శ్రీకాకుళం, విశాఖ పల్లెలు వదిలి టీటాగఢ్ జూట్ మిల్లులకూ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకూ వచ్చినప్పుడు వాళ్ల నోట కూడా పాటలున్నాయి. మా నాన్న తరంవాళ్లు మిల్లు బస్తీల్లో రాత్రిపూట డప్పు మీద పాడుకున్న పదాలు కొన్ని నేను చిన్నప్పుడు విన్నాను. వాటిని రికార్డు చేయడానికి మాత్రం ఏ లోమాక్సూ రాలేదు. మడ్డీ వాటర్స్ వింటే నాకు గొంతు పట్టేసేది అందుకే. నువ్వు ఈ ఊరికి రైల్లోనే వచ్చి ఉంటే, ఖరగ్‌పూర్ దాటేటప్పుడు ప్లాట్‌ఫారం మీద తెలుగు విని ఉంటావు. ఆ మాటల వెనక ఉన్న ప్రయాణం గురించి ఎవరినైనా పెద్దవాళ్లను అడుగు. వీలైతే వాళ్ల పాట ఫోనులో రికార్డు చేసి పెట్టు.

షికాగోలో మడ్డీతో పాటు ఇంకో ఇద్దర్ని విను: హార్మోనికాకు లిటిల్ వాల్టర్ 1952లో చేసిన 'జూక్', గర్జనకు హౌలిన్ వుల్ఫ్ 1956లో పాడిన 'స్మోక్‌స్టాక్ లైట్నింగ్'.

9. బి.బి. కింగ్ దగ్గర జనాన్ని విను.

గాయకుడు, గిటారిస్టు కింగ్ ఆల్బం 'లైవ్ ఎట్ ద రీగల్' 1964 నవంబరులో షికాగో రీగల్ థియేటర్లో రికార్డయింది. పాడుతున్నప్పుడు ఆయన గిటారు వాయించడు, వాయిస్తున్నప్పుడు పాడడు. ఒక్క స్వరం పట్టి అదిలిస్తే హాలంతా కేక పెడుతుంది. మన కచేరీల్లో 'భళా' అనే వాళ్లున్నట్టే, అక్కడి జనం కూడా సంగీతంలో భాగం.

10. ఈ ఊళ్లో విను, కానీ జాజ్‌నూ బ్లూస్‌నూ కలగలిపేయకు.

పార్క్ స్ట్రీట్ బ్లూస్ వీధి అని కొందరు పిల్లలు అనుకుని వస్తారు. ఆ వీధి గొప్పతనం ఎక్కువగా జాజ్‌ది, పాప్‌ది. షికాగోలో పేరు తెచ్చుకున్న నల్లజాతి పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్ యుద్ధకాలంలో చౌరంగీ గ్రాండ్ హోటల్లో బ్యాండు నడిపాడు. 1945 ఏప్రిల్‌లో ఇక్కడే కలరాతో చనిపోయాడు. తర్వాతి తరంలో ట్రింకాస్‌లో ఉషా ఉతుప్, బ్లూ ఫాక్స్‌లో లూయీ బ్యాంక్స్, పామ్ క్రెయిన్ ఉండేవారు. 2016లో కన్నుమూసిన కార్ల్‌టన్ కిట్టో గిటారు మీద బీబాప్‌ను వదలకుండా కాపాడాడు. ఆయన గురించి తీసిన 'ఫైండింగ్ కార్ల్‌టన్' డాక్యుమెంటరీ చూడు. వీళ్ల సంగీతంలో బ్లూస్ లోపల ఉంటుంది, పేరు మీద ఉండదు. అమెరికా జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ 1958 యాత్రలో ఈ ఊరికి వచ్చి వెళ్లాక చేసిన ఆల్బంలో 'కాల్కటా బ్లూస్' అనే రచనే ఉంది. అది విని, ఏది జాజ్ ఏది బ్లూస్ అని నీకు నువ్వే తేల్చుకో.

ఎదురుగా కూర్చుని బ్లూస్ వినాలంటే పార్క్ హోటల్లో 1994లో మొదలైన సమ్‌ప్లేస్ ఎల్స్ ఉంది. నందన్ బాగ్చీ డ్రమ్స్ వాయించిన హిప్ పాకెట్ బృందం అక్కడే ఏళ్ల తరబడి వాయించింది. షిల్లాంగ్ నుంచి సోల్‌మేట్ ఎప్పుడు ఈ ఊరికి వచ్చినా టికెట్టు కొను. రూడీ వాలాంగ్ గిటారు, టిప్రితి ఖర్బంగార్ గొంతు. 2007లో మెంఫిస్‌లో జరిగిన అంతర్జాతీయ బ్లూస్ పోటీకి మన దేశం తరఫున వెళ్లినవాళ్లు వీళ్లు. ఖాసీ కొండల అమ్మాయి ఆ స్థాయిలో పాడగా విన్నాక, బ్లూస్ ఎవరిదన్న ప్రశ్న నన్ను మళ్లీ వేధించలేదు. పుట్టించిన వాళ్లకు ఇవ్వాల్సిన గౌరవం ఇస్తే, మనసు పెట్టి పాడినవాళ్లందరిదీ.

11. అట్ట తిప్పి, బ్రాకెట్లలో ఉన్న పేరు చదువు.

ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో ఇప్పటికీ పాత రికార్డులు అమ్మే దుకాణాలు కొన్ని ఉన్నాయి. అక్కడ నీ చేతికి ముందు తగిలేవి రోలింగ్ స్టోన్స్, క్లాప్టన్, లెడ్ జెప్లిన్. కొనుక్కో, అందులో తప్పేమీ లేదు, మా తరంలో చాలామంది ఆ తలుపు గుండానే వచ్చారు. రోలింగ్ స్టోన్స్ పేరే మడ్డీ వాటర్స్ 1950 నాటి పాటలోంచి తీసుకున్నది. అయితే పాట పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే రచయిత పేరు చదవకుండా రికార్డు పెట్టకు. మెక్‌కిన్లీ మోర్గన్‌ఫీల్డ్ అంటే మడ్డీ వాటర్స్, చెస్టర్ బర్నెట్ అంటే హౌలిన్ వుల్ఫ్. అన్నిటికంటే ఎక్కువసార్లు కనపడేది విల్లీ డిక్సన్ పేరు. మడ్డీకి 'హూచీ కూచీ మ్యాన్', వుల్ఫ్‌కు 'స్పూన్‌ఫుల్', 'లిటిల్ రెడ్ రూస్టర్' రాసినవాడు ఆయనే.

ఒక్కోసారి ఉండాల్సిన చోట ఆ పేరు ఉండదు. లెడ్ జెప్లిన్ 1969లో చేసిన 'హోల్ లాటా లవ్'లో, మడ్డీ వాటర్స్ 1962లో పాడిన తన 'యూ నీడ్ లవ్' ఉందని డిక్సన్ 1985లో దావా వేశాడు. 1987లో రాజీ కుదిరింది, తర్వాతి ముద్రణల్లో ఆయన పేరు చేరింది. రావాల్సిన డబ్బు రాని పాత కళాకారుల కోసం ఆయన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ పెట్టాడు. మడ్డీ, వుల్ఫ్ పాడిన చెస్ రికార్డుల కంపెనీ పాత భవనంలోనే, షికాగో సౌత్ మిషిగన్ అవెన్యూ 2120 నంబరులో, అది ఇప్పుడు నడుస్తోంది. ఆ ఇద్దరి పేరో డిక్సన్ పేరో కనపడిన పాట దొరికితే, ముందు వాళ్ల గొంతులో ఉన్నది వెతికి విను. చేతిలో ఉన్న రికార్డు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.